మాట్లాడని వారి సాక్ష్యం



మా చిన్న మామయ్య ప్రభునందు నిద్రించి నెల దాటింది. ఆయన మా అమ్మకు ఆఖరి తమ్ముడు. మాకంటే పన్నెండేళ్లే పెద్ద కాబట్టి మామయ్య కంటే ముందు మాకు స్నేహితుడు. మోటారు వైండింగ్ ఆయన పని. వేసవిలో వోల్టేజి చాలక బోరు మోటార్లు వరుసగా కాలిపోయే రోజుల్లో, అర్ధరాత్రి దాకా ఆయన షెడ్డులో లైటు వెలుగుతూనే ఉండేది. ఇంట్లో మమ్మల్ని "అల్లుడూ" అని పిలిచేవారు. మందిరం గడప దాటితే "అయ్యగారూ" అనేవారు. చాలా రోజులు ఆయన నోట మేము విన్నవి ఆ రెండు మాటలే.

ఒక తప్పు మీ ముందు ఒప్పుకోవాలని ఇది రాస్తున్నాం. కొన్నేళ్ల క్రితం ఒక ఆదివారం, నోటితో ఒప్పుకోవడాన్ని గురించి ప్రసంగిస్తూ, "సంవత్సరాల తరబడి సంఘంలో ఉండి ఒక్కసారి కూడా నిలబడి సాక్ష్యం చెప్పనివాడు క్రీస్తును గూర్చి సిగ్గుపడుతున్నట్టే" అన్నాం. పేరు చెప్పలేదు గానీ మా చూపు వెనక వరుసలో కూర్చున్న మామయ్య మీదే ఉంది. కొందరు తల తిప్పి ఆయన్ని చూశారు. ఆయన తల దించుకున్నారు.

ఆ వారంలోనే సాయంకాల ప్రార్థన మధ్యలో కరెంటు పోయింది. కొవ్వొత్తి దగ్గర పెట్టుకుని వాక్యం చదవడానికి మేము తంటాలు పడ్డాం. మరుసటి ఆదివారానికి మా బల్లకు పైన ఒక చిన్న దీపం బిగించి ఉంది. మందు కొట్టే స్ప్రేయర్ నుంచి తీసిన పాత బ్యాటరీ, ఒక ఎల్‌ఈడీ పట్టీ, కరెంటు పోగానే దానంతటదే వెలిగే ఏర్పాటు. ఎవరు చేశారో అడగక్కర్లేదు. "ఎందుకు మామయ్యా ఈ శ్రమ" అంటే, "బ్యాటరీ ఊరికే పడుంది" అన్నారు. ఆ వెలుగులో ఎన్నో ప్రసంగాలు చేశాం. ఆ ఆదివారం అన్న మాటకు క్షమించమని మాత్రం ఆయన్ని అడగలేదు. రేపు అడుగుదాంలే అనుకుంటూనే ఆయన్ని భూస్థాపన చేసే రోజు వచ్చింది.

ఆదరణ కూడికలో మైకు చేతికిచ్చి, ఆయన గురించి ఎవరైనా నాలుగు మాటలు చెప్పమన్నాం. చాలాసేపు ఎవరూ లేవలేదు. చివరికి మన సంఘంలో అందరికంటే పెద్దామె, విధవరాలు, మెల్లగా ముందుకు వచ్చి తన చేతికర్రను పైకెత్తి చూపించింది. కర్ర అడుగున జారకుండా సైకిల్ టైరు ముక్క. పిడి దగ్గర చిన్న టార్చిలైటు. రాత్రిపూట బయటికి వెళ్తూ ఆమె ఒకసారి పడిపోయిందని తెలిసి ఆయన చేసిచ్చారట. "అడగలేదయ్యా నేను" అని ఏడ్చింది. ఆ తర్వాత ఒక అన్న లేచి తన ఇంటి మీది ట్యాంకు సంగతి చెప్పాడు. ఖాళీ ప్లాస్టిక్ సీసా నీళ్లతోపాటు పైకి తేలి, ట్యాంకు నిండగానే కింద బజరు మోగుతుందట. అప్పటినుంచి చుక్క నీరు వృథా పోలేదన్నాడు. ఒకరి తర్వాత ఒకరు లేచారు. ఎవరూ ఆయన అన్న మాటలు చెప్పలేదు. అందరూ ఆయన చేసిన వస్తువులే చెప్పారు.

అప్పుడు మాకు అపొస్తలుల కార్యములు తొమ్మిదో అధ్యాయం గుర్తుకొచ్చింది. యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు పేతురు చుట్టూ నిలబడి ఏడుస్తూ, ఆమె కుట్టిచ్చిన బట్టలు చూపించారు. ఆ తల్లి పలికిన మాట ఒక్కటైనా లేఖనంలో లేదు. నిర్గమకాండము 31వ అధ్యాయంలో బెసలేలును చూడండి. దేవుడు అతనిని తన ఆత్మతో నింపినది ప్రసంగించడానికి కాదు, బంగారంతో, వెండితో, రాతితో, చెక్కతో పని చేయడానికి. అతడు మాట్లాడిన మాట కూడా ఎక్కడా రాయబడలేదు. యేసును పెంచిన యోసేపు మాట ఏ సువార్తలోనూ వినిపించదు. వడ్లవాని కుమారుడన్న పేరు మాత్రం మిగిలింది. ఇన్నేళ్లు ఈ వాక్యాలు ప్రసంగించి కూడా, వెనక వరుసలో కూర్చున్న బెసలేలును మేము గుర్తుపట్టలేదు.

మన సంఘాలు విశ్వాసాన్ని నోటితో కొలవడం అలవాటు చేసుకున్నాయని మా అభిప్రాయం. బాగా పాడేవారు, గట్టిగా ప్రార్థించేవారు, సాక్ష్యం చెప్పేవారు ఆత్మీయులు. కుర్చీలు సర్దేవారు, వైర్లు లాగేవారు కేవలం సహాయకులు. ఈ కొలత తప్పు. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం గారు, చీరకు ఆసు పోస్తూ తల్లి పడే భుజం నొప్పి చూడలేక ఆసు యంత్రం తయారుచేశారు. దానికి తల్లి పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. కొత్తది కనిపెట్టడానికి మొదలు తెలివి కాదు, ఎదుటివారి నొప్పిని గమనించడం. మన పల్లెల్లో అలా గమనించేవారు చాలామంది ఉన్నారు. వారికి ఏ బిరుదూ రాదు. కనీసం సంఘమైనా వారిని చూడాలి.

"అయ్యగారూ, క్రియల వలన రక్షణ లేదు కదా" అని మీలో కొందరు అడగవచ్చు. నిజమే. చేతికర్ర చేసినందుకు మామయ్య రక్షింపబడ్డారని మేము చెప్పడం లేదు. కృప చేతనే. అయితే ఆ మాట చెప్పిన ఎఫెసీ పత్రిక రెండో అధ్యాయమే, మనం సత్‌క్రియల కోసం సృజింపబడ్డామని వెంటనే చెబుతుంది. నోటితో ఒప్పుకోవడం కూడా అవసరమే. మామయ్య బాప్తిస్మపు నీళ్లలో నిలబడి ఒప్పుకున్నారు. ఆ తర్వాత మిగతా జీవితమంతా చేతులతో ఒప్పుకున్నారు.

కాబట్టి మూడు సంగతులు మీ ముందు పెడుతున్నాం. ఇకమీదట ఆదరణ కూడికల్లో, పోయినవారు చేసిన వస్తువులు ఇంట్లో ఉంటే తీసుకురండి. మాట రానివారు వాటిని చూపిస్తే చాలు. రెండోది, మాట్లాడని పిల్లల్ని మొద్దు అనకండి. వాడు గడియారం విప్పి కూర్చుంటే కొట్టకముందు ఒక్క నిమిషం పక్కన కూర్చుని చూడండి. మూడోది, మీ మేలు కోరి ఏదైనా చేసిపెట్టిన మనిషి ఇంకా బ్రతికి ఉంటే, ఈ వారమే వెళ్లి వందనాలు చెప్పండి. క్షమాపణ అడగాల్సి ఉంటే అదీ అడగండి. మాలాగా రేపటికి వాయిదా వేయకండి.

పోయిన బుధవారం ప్రార్థనలో మళ్లీ కరెంటు పోయింది. మా తలపైన దీపం వెలిగింది. మేము కాసేపు చదవలేకపోయాం. మీరు ఓపికగా కూర్చున్నారు.

ప్రార్థించుకుందాం. ప్రభువా, మా మధ్య మౌనంగా నీ పని చేస్తున్నవారిని చూసే కళ్లు మాకు దయచేయుము. మా మాటలతో మేము గాయపరచిన వారి యెదుట మమ్మును తగ్గించుము. యేసు నామమున అడుగుతున్నాము తండ్రీ, ఆమేన్.