స్తోమత లేకపోతే కుక్కెందుకు?

వీధికుక్కపిల్లని ఇంటికి తెచ్చుకున్నవాడు పశువైద్యుడి బిల్లు చూసి కాస్త మొహం వేలాడేస్తే చాలు, చుట్టూ ఉన్నవాళ్ళు ఓ మాట విసురుతారు, "స్తోమత లేనప్పుడు ఎందుకు తెచ్చుకున్నావ్?" అని. ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

పెంచుకున్న కుక్కని విసుగొచ్చి రోడ్డు మీద వదిలేసినవాడికి 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం మొదటి తప్పుకి రాసిన జరిమానా 10 నుంచి 50 రూపాయలు. వదిలేసినవాడికి యాభై, చేరదీసినవాడికి వేలు! ఇదెక్కడి న్యాయమండీ?

అలాగని "ఊరికే వచ్చిన కుక్కకి ఖర్చేముంది" అనేవాళ్ళతోనూ నాకు పేచీయే. పార్వో సోకితే రోజుల తరబడి సెలైన్లు ఎక్కించాలి, అయినా బతుకుతుందన్న హామీ లేదు. 6-8 వారాల వయసులో మొదలుపెట్టి, 16 వారాలు నిండేదాకా మూణ్ణాలుగు వారాలకోసారి టీకా వేయిస్తే అయ్యేది అందులో ఓ మూలకి రాదు. బగ్ ముందే పట్టుకోవడం చవకని మా వాళ్ళందరికీ తెలుసు కదా.

అసలు సంగతేంటంటే, 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వీధికుక్కకి టీకాలు, ఆపరేషను స్థానిక సంస్థల బాధ్యత. పెంపుడు కుక్కకైతే యజమానిదే. అంటే గడప దాటి లోపలికి రాగానే మునిసిపాలిటీ చేతులు దులిపేసుకోవచ్చన్నమాట! వీధిలోనే ఉంటే ఎలాగూ పెట్టాల్సిన ఖర్చే కదా, దత్తత తీసుకున్న మొదటి ఏడాదికైనా వాళ్ళే పెట్టుకోవాలి. రేబీస్ టీకా పడ్డ కుక్క వీధి మొత్తానికీ మేలే.

అప్పటిదాకా సర్కారు పశువుల ఆసుపత్రికి వెళ్ళడానికి నామోషీ పడకండి. హైదరాబాదులో అయితే నారాయణగూడలో ఉంది. స్తోమత గురించి అడిగేవాళ్ళని మాత్రం ఓ టీకా డబ్బులిచ్చి మరీ అడగమనండి.