వాక్యం ఉంది గానీ దారి కనబడదు



ఈ పేజీలో ఎప్పుడూ షుగరు గురించో, బి.పి. గురించో, వానాకాలం జ్వరాల గురించో చదువుతుంటారు. ఈసారి వెబ్‌సైటు గురించి రాస్తున్నాను. ఆసుపత్రి పత్రికకు దీనితో ఏం సంబంధం అనుకోవద్దు. ఇదీ రోగుల సంగతే.

హఫీజ్‌పేట్‌లో రైలు పట్టాలకు దగ్గరగా ఉన్న ఒక అపార్ట్‌మెంటులో బుధవారం సాయంత్రం ఇంటి కూడిక జరుగుతుంది. డ్యూటీ లేని వారాల్లో నేనూ వెళ్తుంటాను. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ వచ్చాక, 2003లో ఎం.ఎం.టి.ఎస్. రైలు మొదలయ్యాక ఈ పక్కకు ఉద్యోగాల కోసం ఎన్నో కుటుంబాలు వచ్చి స్థిరపడ్డాయి. వారి వెనుకే మనుమలను చూసుకోవడానికి అమ్మమ్మలు, నాయనమ్మలు వచ్చారు. పగలంతా ఇల్లు కనిపెట్టుకొని ఉండేది వీళ్లే. అటువంటి పెద్దమ్మగారు ఒకరు ఆ కూడికకు వస్తారు. వయసు 71. పదిహేనేళ్లుగా షుగరు ఉంది. ఒక కంటికి శుక్లం ఆపరేషను అయింది, రెండో కంటికి తేదీ ఇచ్చారు. పెళ్లినాటి బైబిలు ఆమె దగ్గర ఇంకా ఉంది, కానీ అందులోని అక్షరాలు ఇప్పుడు ఆమెకు ఆనవు. అందుకని కొడుకు ఒక ట్యాబు కొని, అందులో తెలుగు బైబిలు స్టడీ వెబ్‌సైటు ఒకటి పెట్టి ఇచ్చాడు. ఆ సైటు పేరు ఇక్కడ చెప్పను. ఇలాంటివి చాలా ఉన్నాయి గనుక ఒక్కరిని నిందించడం న్యాయం కాదు.

ఆపరేషనుకు ముందు యెషయా గ్రంథము 41వ అధ్యాయం చదువుకోవాలని ఆమె ఆశ. పక్కన కూర్చున్నాను గానీ సాయం చేయలేదు. ఎలా చేస్తారో చూద్దామనుకున్నాను.

సైటు తెరవగానే కొండల మీద సూర్యోదయం బొమ్మ కదులుతూ వచ్చింది. దాని మీద తెల్లని అక్షరాలు. తెల్లని మేఘం మీద తెల్లని అక్షరాలు నాకే కనబడలేదు. అది పూర్తి కాకముందే ఒక పెట్టె ఎగిరి వచ్చి ప్రతిరోజూ సందేశాలు పంపమంటారా అని అడిగింది. దాన్ని మూసే గుర్తు చీమ తలంత ఉంది. షుగరు వల్ల ఆమె వేళ్ల చివర్లు తిమ్మిరిగా ఉంటాయి, నొక్కినట్టు తెలియదు. నాలుగుసార్లు నొక్కితే ఐదోసారికి ఇంకేదో తెరుచుకుంది. పైన మూలనున్న మూడు గీతలను నొక్కాలని ఆమెకు ఎలా తెలుస్తుంది? నేను చెప్పాను. అక్కడ “అన్వేషించండి”, “ప్రయాణం”, “నా మార్గం”, “సమాజం” అని నాలుగు మాటలు ఉన్నాయి. బైబిలు అన్న మాట ఎక్కడా లేదు. బైబిలు “ప్రయాణం”లో ఉందట!

అసలు తమాషా తరువాత వచ్చింది. పుస్తకాల పట్టిక ఇంగ్లీషు అక్షర క్రమంలో ఉంది. పేర్లు మాత్రం తెలుగులోకి మార్చారు. కాబట్టి గలతీయులకు వ్రాసిన పత్రిక తరువాత ఆదికాండము వచ్చింది. హోషేయకూ యాకోబు పత్రికకూ మధ్య ఎక్కడో యెషయా ఉన్నాడు. అరవై ఏళ్లుగా బైబిలు చదువుతున్న మనిషి అది. కాగితం బైబిలు చేతికిస్తే, నడిమికి తెరిచి కీర్తనలు పట్టుకుని, అక్కడినుంచి కొన్ని పేజీలు తిప్పి యెషయా దగ్గర ఆగేవారు. కళ్లతో పని లేకుండా బొటనవేలితోనే వెదికేవారు. ఆ వేలికి తెలిసిన విద్యనంతా ఈ పట్టిక ఒక్క నిమిషంలో పనికిరాకుండా చేసింది.

చివరకు అధ్యాయం దొరికింది. అక్షరాలు పెద్దవి చేద్దామని రెండు వేళ్లతో సాగదీశారు. పేజీ కదలలేదు. ఆ సైటు చేసినవాళ్లు పెద్దది చేసే వీలును ఆపేశారు. ట్యాబు కొన్నదే అక్షరాలు పెద్దవి చేసుకోవడానికి.

“నాదే తప్పులెండి సిస్టరమ్మా, ఈ కాలం చదువులు నాకు రావు” అని ట్యాబు మూసేశారు.

ఈ మాట కోసమే ఈ వ్యాసం రాస్తున్నాను. తప్పు ఆమెది కాదు. మందు సీసా మీద మోతాదు కనబడనంత చిన్నగా అచ్చువేస్తే, రోగి తప్పుగా తాగితే, మనం రోగిని తిడతామా? కానీ వెబ్‌సైటు విషయంలో పెద్దవాళ్లు తమను తామే తిట్టుకుంటారు. రెండుమూడుసార్లు అలా జరిగితే ఇక ముట్టుకోరు. పగలంతా ఒంటరిగా ఉండే మనిషికి వాక్యము చదువుకునే అలవాటు పోతే ఆ ఖాళీలో దిగులు వచ్చి కూర్చుంటుంది. నిద్ర తగ్గుతుంది, తిండి మీద ధ్యాస తగ్గుతుంది, మాత్రలు మరచిపోతారు. వార్డులో మేము రోజూ చూసేదే ఇది.

కంటి సంగతి కొంచెం చెప్పాలి. నలభై దాటాక కంటిలోని కటకం బిరుసెక్కి దగ్గరి చూపు తగ్గుతుంది. దీన్నే చత్వారం అంటారు, అందరికీ వచ్చేదే. శుక్లం వచ్చినవారికి అక్షరం చిన్నదవడం ఒక్కటే ఇబ్బంది కాదు, అక్షరానికీ వెనుక రంగుకూ తేడా తెలియకపోవడం ఇంకా పెద్ద ఇబ్బంది. అందుకే ముదురు అక్షరం, లేత నేల ఉండాలి. ఇదేమీ నా సొంత అభిప్రాయం కాదు. వెబ్ ప్రమాణాలను నిర్ణయించే డబ్ల్యు3సి సంస్థ 1999లోనే వికలాంగులకు, వృద్ధులకు వీలుగా పేజీలు ఎలా ఉండాలో నియమాలు ఇచ్చింది. 2008 డిసెంబరులో ఇచ్చిన రెండవ విడత నియమాల ప్రకారం మామూలు అక్షరానికీ నేలకూ మధ్య వెలుగు తేడా కనీసం 4.5కి 1 ఉండాలి. అక్షరాలను 200 శాతం వరకు పెంచినా పేజీ చెడిపోకూడదు. 2023లో వచ్చిన నియమాలు బటన్లకు కూడా కనీస కొలత చెప్పాయి. మన దేశంలో 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, యాసిడ్ దాడి బాధితులు, చూపులేనివారు వేసిన కేసుల్లో తీర్పు ఇస్తూ, డిజిటల్ సేవలను అందుకోగలగడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని చెప్పింది. లోకపు న్యాయస్థానమే అంత మాట అన్నాక సంఘాలవారం మనం ఎంత జాగ్రత్త పడాలి?

తెలుగుకు ప్రత్యేకంగా మరికొన్ని చిక్కులున్నాయి. మన అక్షరానికి పైన గుడి ఉంటుంది, కింద ఒత్తు ఉంటుంది. ఇంగ్లీషు అక్షరాల కోసం కొలిచిన వరుసల మధ్య దూరాన్నే తెలుగుకూ పెడితే పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల మీద పడతాయి. 1991లోనే యూనికోడ్‌లో తెలుగుకు చోటు దొరికింది, 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు మామూలు కంప్యూటర్లలోకి వచ్చింది. ఒక్కో పత్రికకు ఒక్కో ఫాంటు దింపుకోవలసిన రోజులు పోయాయి. కానీ ఒత్తులు తెగిపోయే పేజీలు ఇంకా పోలేదు.

వెదకడం ఇంకో కష్టం. మన పాత అనువాదంలో “భయపడకుము” అని ఉంటుంది. ఈనాటి మనిషి “భయపడవద్దు” అని కొట్టి వెదుకుతాడు. ఫలితాలు సున్నా అని వస్తుంది. ధైర్యం కోసం వచ్చినవాడికి సున్నా చూపించడం ఏమిటి? మన హఫీజ్‌పేట్ పేరే చూడండి. “జ్” పక్కన “పే” కలిసిపోకుండా నడుమ కంటికి కనబడని గుర్తు ఒకటి పెడతారు. ఆ గుర్తు ఉన్న మాటా, లేని మాటా మనకు ఒకటే అర్థమిస్తాయి, కంప్యూటరుకు మాత్రం రెండు వేరు మాటలు. ఇటువంటివి తెలుగు చదివేవాడు పక్కన ఉంటేనే బయటపడతాయి. 1805లో విశాఖపట్నం చేరిన జార్జి క్రాన్, అగస్టస్ డెస్‌గ్రాంజెస్ దొరలు అనువాదం చేసే పనిలో ఆనందరాయర్ అనే విశ్వాసిని పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఆ పాటి తెలివి ఇప్పుడు మనకు ఎందుకు లేదో!

ఆ మాటకొస్తే వాక్యానికి దారి చూపడం కొత్త పని కాదు. 13వ శతాబ్దపు తొలిరోజుల్లో స్టీఫెన్ లాంగ్టన్ అనే పండితుడు చేసిన అధ్యాయాల విభజననే నేటికీ మనం వాడుతున్నాం. 1551లో రాబర్ట్ ఎస్తియెన్ అనే ముద్రాపకుడు కొత్త నిబంధనకు వచనాల సంఖ్యలు వేశాడు. వారు ఒక్క వాక్యమూ కొత్తగా రాయలేదు, వెదికేవాడికి దారి వేశారంతే. యోహాను 3:16 అనగానే ఏ ఊరివాడైనా తెరవగలుగుతున్నాడంటే అది వాళ్ల పుణ్యం. హబక్కూకు ప్రవక్తకు దర్శనమిచ్చినప్పుడు కూడా, దానిని పలకల మీద స్పష్టంగా, దారిన పరుగున పోయేవాడు సైతం చదవగలిగేలా రాయమనే ఆజ్ఞ వచ్చింది గదా.

మిషను ఆసుపత్రులలో ఒకప్పుడు బైబిలు స్త్రీలు ఉండేవారు. 1883లో గుంటూరు వచ్చి 1898లో ఆసుపత్రి తెరచిన డాక్టర్ అన్నా సారా కుగ్లరమ్మగారి కాలం సంగతి ఇది. చదువు రాని రోగి పక్కన కూర్చుని చదివి వినిపించేవారు. రోగి మొహం చూసి, అర్థం కాకపోతే మళ్లీ చెప్పేవారు. అలసిపోతే ఆపేవారు. వెబ్‌సైటుకు మొహం చూసే కళ్లు లేవు. కాబట్టి దాన్ని తయారుచేసేవారే ముందుగా ఆ మొహాలను చూసి రావాలి.

ఇంతవరకు చెప్పింది ఇబ్బంది. ఇప్పుడు చెప్పబోయేది నష్టం.

కొండాపూర్‌లో పి.జి. హాస్టలులో ఉండే ఒక యువకుడు మా దగ్గర టి.బి.కి మందులు వాడుతున్నాడు. ఒక బైబిలు స్టడీ సైటులో ప్రార్థన విన్నపాల పేజీ ఉంది. అడుగున “మీ భారాన్ని పంచుకోండి” అని బటను. మన భాషలో పంచుకోవడం అంటే ఏమిటి? కష్టం చెప్పుకోవడం. అతడు తన పేరు, జబ్బు, ఏ నెల మందులు వాడుతున్నాడో అంతా రాసి ఆ బటను నొక్కాడు. ఏ పాస్టరుగారో చదివి ప్రార్థిస్తారనుకున్నాడు. కానీ ఆ బటను అర్థం వేరు, అందరికీ కనబడేలా పెట్టడం. ఇంగ్లీషు “షేర్”ను మక్కీకి మక్కీ తెలుగు చేశారు. రెండో రోజుకు గదిలోని స్నేహితుడు చదివాడు, వారానికి హాస్టలు ఖాళీ చేయమన్నారు. సరైన మందులు మొదలుపెట్టి రెండు వారాలు దాటితే సామాన్యంగా టి.బి. ఇతరులకు అంటదు. అతడు అప్పటికి మూడో నెలలో ఉన్నాడు. ఎవరు వింటారు? ఇల్లు వెదుక్కునే తిరుగుడులో పది రోజులు మందులు మానేశాడు. మందులు మధ్యలో మానితే క్రిములు మొండికేస్తాయని మీకు ఈ పేజీలోనే ఎన్నిసార్లు చెప్పామో.

అదే హెచ్.ఐ.వి. అయి ఉంటే? ఒకరి హెచ్.ఐ.వి. సంగతిని వారి అనుమతి లేకుండా బయటపెట్టకూడదని 2017 చట్టం ఉంది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా వచ్చింది. చట్టం సరే, ప్రార్థన అడిగిన మనిషి రహస్యాన్ని కాపాడటం మన సాక్ష్యానికి సంబంధించినది. ఆ పేజీలో “ఇది అందరికీ కనబడుతుంది” అని ఒక్క వాక్యం పెడితే సరిపోయేది.

ఉచితంగా చేసే సేవను ఇలా విమర్శించవచ్చా అని కొందరు సహోదరులు అడిగారు. చాలామంది జీతం లేకుండా, రాత్రుళ్లు మేలుకొని చేస్తారు, నిజమే. వారి ప్రయాసను నేను తక్కువ చేయడం లేదు. కానీ ఒక సంగతి గమనించాను. యెషయా ఎంత వెదికినా దొరకని ఆ సైటులోనే “కానుక ఇవ్వండి” అన్న బటను ప్రతి పేజీలోనూ, పెద్దగా, ముదురు రంగులో ఉంది. కళ్లజోడు లేకుండా పెద్దమ్మగారు చదవగలిగిన మాట అదొక్కటే. అంటే ఎలా చేయాలో వారికి తెలుసు.

మన ఆసుపత్రి మాత్రం తక్కువ తినలేదు. రక్తపరీక్ష రిపోర్టులు చూసుకునే మన పేజీలో ఓ.టి.పి. కొట్టే గడువు చాలదని, వణుకుడు జబ్బున్నవారు రెండోసారికే విసిగిపోయి కౌంటరుకు వస్తున్నారని మా స్టాఫే చెబుతున్నారు. ముందు దాన్ని సరిచేయమని ఆఫీసువారికి రాసి ఇచ్చాను.

ఈ ప్రాంతపు సంఘాలలో సాఫ్ట్‌వేరు పరీక్షించడమే ఉద్యోగమైన పిల్లలు వరుసకు ఇద్దరు ఉంటారు. బ్యాంకు యాప్‌లో బటను కాస్త పక్కకు జరిగితే పట్టుకుంటారు. ఆదివారం గిటారు వాయించడంతో పాటు ఈ విద్యను కూడా సంఘానికి ఇవ్వమని వారిని అడుగుతున్నాను. పెద్ద ఖర్చు లేదు. జాకబ్ నీల్సన్ అనే నిపుణుడు 2000లో రాసిన ప్రకారం ఐదుగురు మనుషులను కూర్చోబెట్టి వాడిస్తే చాలు, లోపాలలో 85 శాతం దాకా బయటపడతాయి. మీ నాయనమ్మను, వాచ్‌మన్ తాతను, చూపు మందగించిన ఒకరిని, చదువు తక్కువైన ఒక తల్లిని, ఇంగ్లీషు రాని పాస్టరు అయ్యగారిని పిలవండి. ఫలానా కీర్తన తీయమని చెప్పి అరగంట నోరు మూసుకుని చూడండి. నోరు మూసుకోవడమే కష్టం, నాకూ చేతకాలేదు.

పెద్దమ్మగారి ఆపరేషను వచ్చే సోమవారం. మా కూడికలోని ఒక అబ్బాయి ఆ సైటువారికి ఉత్తరం రాశాడు, జవాబు ఇంకా రాలేదు. ఈలోగా 41వ అధ్యాయం 29 వచనాలనూ లావు అక్షరాలలో వేయించి, స్టేషను పక్కన జిరాక్సు షాపులో ప్రింటు తీసి, పిన్ను కొట్టి ఇచ్చి వచ్చాను. గుమ్మంలోనే నిలబడి మొదటి పేజీ చదవడం మొదలుపెట్టారు, నన్ను లోపలికి రమ్మనడం కూడా మరచిపోయి.