కాలి సిర గుండెకు చేరిన తరువాత

బైపాస్ శస్త్రచికిత్స జరిగిన వారిని గురించి మన ఇళ్లలో తరచుగా వినిపించే మాట ఇది: "కాలి నరం తీసి గుండెకు వేశారు, ఇక భయం లేదు." ఇందులో మొదటి సగం నిజం, రెండవ సగం ప్రమాదకరం. శంషాబాద్ విమానాశ్రయం నుండి ఉపాధి కోసం గల్ఫ్ దేశాలకో, ఉమ్రా కోసం జిద్దాకో బయలుదేరే వారిలో ఈ చికిత్స పొందినవారూ ఉంటారు. వారి కుటుంబాలు ఈ విషయం తెలుసుకోవాలి.

మనం నరమని పిలిచేది నిజానికి సిర. రక్తాన్ని గుండెకు తిరిగి చేర్చే నాళమది. అందులోని పీడనం చాలా స్వల్పం, ఇంచుమించు 5 నుండి 10 పాయింట్లు. గుండె నుండి రక్తాన్ని మోసుకుపోయే ధమనిలో అది 120కి చేరుతుంది. కనుకనే సిర గోడ పలుచన. రక్తం వెనుకకు జారకుండా సిరలో చిన్న కవాటాలుంటాయి కాబట్టి వైద్యులు సాధారణంగా దానిని తలక్రిందులు చేసి కుడతారు. ఈ విధానాన్ని 1967లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో పనిచేసిన అర్జెంటీనా వైద్యుడు రెనె ఫవలోరో వ్యాప్తిలోకి తెచ్చాడు.

కుట్టిన క్షణం నుండి సిరకు పరీక్ష మొదలవుతుంది. అలవాటు లేని ఒత్తిడికి దాని లోపలి పొర దెబ్బతింటుంది. తొలి నెలలో రక్తం గడ్డకట్టే ముప్పు అధికం. తదుపరి నెలల్లో గోడలోని కండర కణాలు వృద్ధి చెంది, గోడ మందమవుతుంది. సిర తనను తాను ధమనిగా మలచుకునే ప్రయత్నమిది. ఆ మందం మితంగా నిలిస్తే రక్షణ. హద్దు మీరితే దారి ఇరుకవుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ అక్కడ కొవ్వు పేరుకుంటుంది. పదేళ్లకు ఇటువంటి సిరలలో దాదాపు సగం మూసుకుపోవచ్చు. ఛాతీ లోపలి ధమనితో వేసిన బైపాస్ ఇంతకంటే ఎక్కువ కాలం నిలుస్తుంది.

కాబట్టి ఆస్పిరిన్, కొవ్వు తగ్గించే మాత్రలు ఆపరేషన్‌తో ముగిసేవి కావు. వైద్యుడు చెప్పనిదే వాటిని ఆపరాదు. బీడీ, సిగరెట్, గుట్కా పూర్తిగా మానాలి. చక్కెర వ్యాధి, రక్తపోటు అదుపులో ఉండాలి. ప్రయాణికులు మందులను, చీటీని చేతి సంచిలోనే ఉంచుకోవాలి. రమజాన్‌కు ముందే మందుల వేళలను వైద్యునితో నిర్ణయించుకోవాలి. రోగికి ఉపవాసం విషయంలో దివ్య ఖుర్ఆన్ ఇచ్చిన సడలింపును చిన్నచూపు చూడటం భక్తి కాదు.

శస్త్రచికిత్స ఖర్చును ఆరోగ్యశ్రీ భరించవచ్చు. పొగ మానే బాధ్యతను మన బదులు ఎవరూ భరించరు. దేహం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. కొత్త బరువును మోయడం నేర్చుకుంటున్న ఆ సిర కూడా అందులో భాగమే. దానికి తోడ్పడే సద్బుద్ధిని ఆయన మనందరికీ ప్రసాదించుగాక!