గల్ఫ్ గదికి తాళం వేసి వచ్చే ముందు



అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల నుండి కువైట్, మస్కట్, ఖతార్, దుబాయ్ వెళ్లినవారు మన సంఘాలలో చాలామంది ఉన్నారు. వారిలో అనేకులు ఎండాకాలంలోనే సెలవు మీద ఇంటికి వస్తారు. పిల్లల సెలవులు అప్పుడే, పెళ్లిళ్లూ అప్పుడే. అక్కడి యజమానులు కూడా ఆ నెలల్లో చల్లని దేశాలకు వెళ్తారు గనుక డ్రైవర్లకు, ఇంటిపనివారికి సెలవు దొరికేది అప్పుడే. వారు వస్తున్నారంటే మనం ఇక్కడ ఇల్లు కడిగి, మంచాలు సర్ది ఎదురుచూస్తాం. అయితే అక్కడ రెండు నెలలు తాళం వేసి వదిలే గది సంగతి ఎవరూ అడగరు. ఈ నెల ఆ గది గురించి మాట్లాడుకుందాం. మీ అబ్బాయి, మీ అల్లుడు, మీ ఇంటాయన టికెట్టు కొన్నామని ఫోను చేసినప్పుడు ఈ మాటలు చదివి వినిపించండి.

కంపెనీ క్యాంపులలోను, వఫ్రా, అబ్దలీ వంటి కువైట్ తోటల ప్రాంతాల్లోను చాలామంది ఉండేది రేకు గోడల పోర్టా కేబిన్లలో. అది పెద్ద ఇనుప పెట్టె వంటిది. ఏసీ ఆడుతున్నంతసేపూ గది, ఆగిన తరువాత పొయ్యి. 2016 జూలై 21న కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీల ఎండ నమోదైంది. అది నీడలో కొలిచిన లెక్క. ఎండలో నిలబడిన మూసిన రేకుల గదిలో వేడి బయటికంటే ఎక్కువే ఉంటుంది.

ఇక్కడ గ్రహించవలసిన ముఖ్యమైన విషయం ఒకటుంది. మనం కోనసీమవాళ్లం. మూసిన ఇంటికి మనం ఎరిగిన శత్రువు తడి. చెమ్మ, బూజు, చెద, గోదావరి వరద, వీటి నుండి కాపాడుకోవడమే మనకు తెలుసు. ఎడారిలో శత్రువులు వేరు: పొడి వేడి, దుమ్ము. గనుక ఇక్కడి మంచి అలవాటు అక్కడ నష్టం తేగలదు.

ఎత్తున కాదు, కింద పెట్టాలి

వరదలు చూసినవాళ్లం గనుక విలువైనది ఏదైనా అటక మీద పెట్టడం మన అలవాటు. రేకుల గదిలో పైకప్పు దగ్గరే వేడి ఎక్కువ. కాగితాలు, బట్టలు, బైబిలు, ఫొటోలు పెట్టెలో పెట్టి, ఎండ తగలని గోడవైపు మంచం కింద ఉంచాలి. వేడికి పుస్తకాల జిగురు ఎండి పేజీలు ఊడతాయి, ఫొటోలు ఒకదానికొకటి అంటుకుంటాయి. పాస్‌పోర్టు, సివిల్ ఐడీ, కంపెనీ కాగితాలు మాత్రం గదిలో వదలకూడదు, వెంట తెచ్చుకోవాలి.

బట్టల్లో కలరా ఉండలు వేయడం కూడా ఇక్కడి అలవాటే. వేడి గదిలో అవి త్వరగా ఆవిరై గది నిండా ఘాటు నింపుతాయి. తిరిగి వెళ్లి తలుపు తీసినవాడు ఆ గాలి పీల్చడం మంచిది కాదు. బట్టలు ఉతికి, బాగా ఆరబెట్టి, మూటకట్టి ఉంచితే చాలు.

గదిలో ఉంచకూడనివి

సెంటు స్ప్రేలు, దోమల మందు స్ప్రేలు, సిగరెట్టు లైటర్లు వేడికి పేలగలవు. పవర్ బ్యాంకులు, పాత ఫోన్ల బ్యాటరీలు ఉబ్బి అంటుకోగలవు. పవర్ బ్యాంకును విమానంలో తెచ్చేటప్పుడు చేతిసంచిలోనే పెట్టుకోవాలి, లగేజీలో వేయనివ్వరు. మందులు చాలావరకు 25, 30 డిగ్రీల లోపు ఉంచమని డబ్బా మీదే రాసి ఉంటుంది. రెండు నెలలు ఆ వేడిలో ఉన్న బీపీ, షుగరు మాత్రలను తిరిగి వెళ్లాక మింగి వాటిమీద ఆధారపడకూడదు.

అన్నిటికంటే ముఖ్యం గ్యాసు సిలిండరు. గదిలో మూసిపెట్టి రావడం ప్రాణాపాయం. వాల్వు కట్టి, రెగ్యులేటరు తీసి, క్యాంపులో సిలిండర్లకు కేటాయించిన నీడ, గాలి ఉన్న చోట నిలువుగా పెట్టించాలి. ఈ గ్యాసు గాలికంటే బరువైనది. కొంచెం కారినా నేలమీదే పరుచుకుని నిప్పురవ్వ కోసం కాచుకుని ఉంటుంది.

బియ్యం, పప్పు, మీరు పంపిన ఆవకాయ తోటివారికి పంచి రమ్మనండి. వేడికి నూనె పొంగి జాడీ కారుతుంది, చీమలు, బొద్దింకలు చేరతాయి.

కరెంటు, నీళ్లు

2024 జూన్ 12న కువైట్‌లోని మంగఫ్‌లో కార్మికులు ఉండే భవనం కాలిపోయి 40 మందికి పైగా భారతీయులు చనిపోయారు. వారిలో మన ఆంధ్రులు ముగ్గురు. కారణం విద్యుత్ షార్ట్ సర్క్యూట్ అని అక్కడి అగ్నిమాపక శాఖ తేల్చింది. ఒక్క చోట లేచిన నిప్పు నిద్రపోతున్న ఎందరినో పొట్టన పెట్టుకుంది. కాబట్టి “గది చల్లగా ఉంటుందిలే” అని ఏసీ ఆడుతూ వదిలి రావద్దు. అన్ని ప్లగ్గులూ తీసి, మెయిన్ స్విచ్ ఆపాలి. ఇది మన సామాను కోసం మాత్రమే కాదు, పక్క గదిలో నిద్రపోయే సహోదరుని కోసం.

ఫ్రిజ్ ఖాళీ చేసి, కడిగి, పొడిగా తుడిచి, తలుపు మధ్య గుడ్డ మడిచిపెట్టి కొంచెం తెరిచి ఉంచాలి. మూసేస్తే లోపల బూజు పట్టి, ఆ వాసన ఎంత కడిగినా పోదు.

స్నానాల గదిలో నీరు పోయే గొట్టానికి కింద ఒక వంపు ఉంటుంది. ఆ వంపులో నిలిచే నీరే దుర్వాసనను, బొద్దింకలను పైకి రాకుండా ఆపుతుంది. మన ఊళ్లో అది ఎండిపోదు, అక్కడ కొద్ది వారాల్లో ఎండుతుంది. బయలుదేరే రోజున చెంబెడు నీళ్లు పోసి, పైన రెండు చెంచాల వంటనూనె పోస్తే నీరు నెమ్మదిగా ఆవిరౌతుంది. ఆపైన కన్నం మీద పళ్లెం బోర్లించి బరువు పెట్టాలి. నీటి పైపు వాల్వు కట్టి రావాలి.

కిటికీ అద్దాలకు లోపలినుండి కార్లకు వాడే మెరిసే షీటు, మెరుపు బయటివైపు ఉండేలా అమర్చితే వేడి కొంత తగ్గుతుంది. తలుపు సందులకు టేపు వేసి దుమ్మును ఆపాలి. వల ఉన్న చిన్న గాలి కన్నం ఒకటి మాత్రం తెరిచి ఉంచాలి. అమెరికాలో అరిజోనా ఎడారిలో చలికాలం గడిపి, వేసవికి తమ ట్రైలర్ ఇళ్లను మూసి వెళ్లేవారు కూడా ఇంచుమించు ఈ పద్ధతులే పాటిస్తారు.

సొంత కారు ఉన్నవారు దానిని నీడన నిలిపి, టైర్లలో సరిపడా గాలి కొట్టించి, బ్యాటరీ నెగెటివ్ వైరు తీసి రావాలి. ఎండకు టైర్ల రబ్బరు బీటలు వారుతుంది గనుక టైర్ల మీద గుడ్డ కప్పాలి.

తాళంచెవి ఎవరికి?

నమ్మకమైన ఒకరికి తాళంచెవి ఇచ్చి, వారానికి ఒకసారి చూడమని అడగాలి. ఏ వాల్వు కట్టాము, ఏ స్విచ్ ఆపాము అన్నది కాగితం మీద రాసి తలుపు లోపల అంటించాలి. అదే కాగితం తిరిగి వెళ్లిన రోజున పనికొస్తుంది. ఆ రోజు ముందుగా తలుపులు, కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వాలి. గ్యాసు వాసన లేదని తెలిశాకే స్విచ్ ముట్టాలి. నిలిచి ఉన్న నీరు మంచిది కాదు గనుక కుళాయిలు కొంతసేపు వదిలి, ఆ తరువాతే వాడుకోవాలి. ఏసీ జాలి కడిగి వేసుకోవాలి.

అప్పు చేసి వెళ్లి, నెలనెలా డబ్బు పంపుతూ, తమకంటూ ఒక పెట్టె, ఒక మంచం మాత్రమే ఉంచుకున్నవారి గది అది. బయలుదేరే ముందు ఒక్క పూట కేటాయిస్తే, రెండు నెలల తరువాత వారు చల్లబడని పొయ్యిలోకి కాక తమ గదిలోకే అడుగుపెడతారు. ఈసారి ఫోనులో “ఎప్పుడు వస్తున్నావు?” అని అడిగిన తరువాత, “సిలిండరు బయట పెట్టించావా?” అని కూడా అడగండి.