బల్లెం ఊపిన ఇంటిపేరు

షేక్‌స్పియర్... బడి మెట్లు ఎక్కిన ప్రతివాళ్లకీ ఈ పేరు తెలుసు. అయితే అది ఆయన సొంతపేరు కాదు, ఇంటిపేరు. అమ్మానాన్నలు పెట్టిన పేరు విలియం. లోకమంతా ఇంటిపేరుతో పిలుచుకునే ఆ మహాకవి పుట్టిన దేశంలో ఆ ఇంటిపేరున్నవాళ్లు వీధికొకరు ఉంటారనుకుంటాం. కానే కాదు. ఇంగ్లండులో స్మిత్‌లు, జోన్స్‌లు, బ్రౌన్‌లు అడుగడుగునా తగులుతారు గానీ షేక్‌స్పియర్‌లు అరుదు. అంతేనా... ఒకప్పుడు ఆ పేరు చెప్పుకోవడానికి నామోషీపడి మార్చేసుకున్నవాళ్లు కూడా ఉన్నారు!

ఊరు పెట్టిన పేరు
ఇంగ్లండులో వెనకటికి జనానికి ఒక్క పేరే ఉండేది. 1066లో నార్మన్లు ఆ దేశాన్ని గెలిచాక మెల్లగా ఇంటిపేర్లు మొదలయ్యాయి. 1400 నాటికి చాలా కుటుంబాలకు అవి స్థిరపడ్డాయి. కొందరికి ఊరి పేరే ఇంటిపేరు. కొందరికి తండ్రి పేరు... జాన్సన్ అంటే జాన్ కొడుకని. మరికొందరికి చేసే పని... స్మిత్ అంటే కమ్మరి. ఇక నాలుగో రకం, ఊళ్లోవాళ్లు సరదాకో ఎగతాళికో తగిలించినవి.

షేక్‌స్పియర్ ఈ నాలుగో రకం. షేక్ అంటే ఊపడం, స్పియర్ అంటే బల్లెం. వెరసి బల్లెం ఊపేవాడు! సైన్యంలో పనిచేసినవాడినో, ప్రతిదానికీ కయ్యానికి కాలుదువ్వేవాడినో అలా పిలిచి ఉంటారని పండితుల మాట. దాని వెనక మోటు హాస్యం ఉందనేవాళ్లూ లేకపోలేదు. ఇదే అచ్చులో పోసిన ఇంటిపేర్లు ఆ దేశంలో ఇంకా ఉన్నాయి. వాగ్‌స్టాఫ్ అంటే కర్ర ఆడించేవాడు. డ్రింక్‌వాటర్ అంటే నీళ్లు తాగేవాడు. మేక్‌పీస్ అంటే రాజీ కుదిర్చేవాడు. బల్లెం విరిచేవాడు కూడా ఉన్నాడండోయ్! 1154లో నాలుగో ఏడ్రియన్ పేరుతో పోప్ అయిన నికొలస్ బ్రేక్‌స్పియర్ ఇంటిపేరుకు అర్థం అదే. ఇప్పటివరకూ ఇంగ్లండు నుంచి పోప్ పీఠమెక్కింది ఆయనొక్కడే.

ఉరితో మొదలు
బ్రేక్‌స్పియర్ పోప్ అయితే, షేక్‌స్పియర్ పేరు మాత్రం నేరాల పద్దులో తేలింది. 1248లో గ్లోస్టర్‌షైర్‌కు చెందిన విలియం సాక్‌స్పియర్ అనే అతన్ని దోపిడీ నేరం మీద ఉరితీశారు. ఈ ఇంటిపేరుకు దొరికిన తొలి ఆధారాల్లో అదొకటి. 1487లో ఆక్స్‌ఫర్డ్‌లోని మెర్టన్ కళాశాలలో హ్యూ అనే పండితుడు తన ఇంటిపేరును షేక్‌స్పియర్ నుంచి సాండర్‌గా మార్చుకున్నాడు. కారణమేమిటో కళాశాల దస్త్రంలోనే రాసి ఉంది... ఆ పేరు నీచమైనదని జనం అనుకుంటున్నారట!

పేరుకు రాత కూడా ఒక తీరున ఉండేది కాదు. 1582లో మన కవి పెళ్లికి రాసిన హామీపత్రంలో అది 'షాగ్‌స్పియర్'. ఆయన స్వహస్తంతో చేసినవిగా అందరూ ఒప్పుకునే సంతకాలు ఆరు మిగిలాయి. వాటిలో ఏ ఒక్కదాంట్లోనూ ఇప్పుడు మనం చూసే ఇంగ్లిషు స్పెల్లింగు లేదు! 1593, 1594ల్లో అచ్చయిన ఆయన కావ్యాల అంకితాల కింద, మరణానంతరం 1623లో వచ్చిన నాటకాల సంపుటం మీద కనిపించిన రాతే చివరికి ఖాయమైంది. కవి చేతిరాతను అచ్చుయంత్రం ఓడించిందన్నమాట.

బల్లేనికి గౌరవం
విలియం తాత రిచర్డ్ స్నిటర్‌ఫీల్డ్ అనే పల్లెలో రైతు. తండ్రి జాన్ పక్కనున్న స్ట్రాట్‌ఫర్డ్‌కు వచ్చి తోలు చేతితొడుగులు కుట్టి అమ్మేవాడు. ఊరి పెద్దగా పదవులూ చేశాడు. అప్పట్లో పెద్దమనిషి హోదా దక్కాలంటే వంశచిహ్నం ఉండాలి. అది ఇచ్చే అధికారులు వేరే ఉండేవారు. జాన్ ఒకసారి ప్రయత్నించాడు గానీ కుదరలేదు. కొడుకు లండన్‌లో నాటకాలతో నాలుగు డబ్బులు సంపాదించాక, 1596 అక్టోబరు 20న జాన్‌కు ఆ చిహ్నం మంజూరైంది. అందులో ఏముందో తెలుసా? బంగారు రంగు డాలు మీద నల్లని పట్టీ, దానిపై ఏటవాలుగా ఒక బల్లెం. పైన బల్లెం పట్టుకున్న డేగ. ఎగతాళికి పుట్టిన పేరునే బొమ్మగా గీయించుకున్నారు!

ఇదీ కొందరికి కంటగింపే అయింది. అనర్హులకు చిహ్నాలు ఇచ్చేస్తున్నారంటూ 1602లో రాల్ఫ్ బ్రూక్ అనే అధికారి తప్పుపట్టిన పేర్లలో షేక్‌స్పియర్‌దీ ఒకటి. నటుడి ఇంటికి ఇంత గౌరవమా అని!

కానీ అసలు దెబ్బ అంతకుముందే తగిలింది. వంశచిహ్నం తండ్రి నుంచి కొడుకుకు, అతన్నుంచి మనవడికి దక్కాలి. కవికి ఒక్కగానొక్క కొడుకు హ్యామ్నెట్. పదకొండేళ్ల ఆ పిల్లవాడిని 1596 ఆగస్టు 11న ఖననం చేశారు. అంటే, చిహ్నం చేతికి రావడానికి సరిగ్గా పదివారాల ముందు. ఇంటిపేరుకు గౌరవం వచ్చేసరికి, దాన్ని నిలబెట్టాల్సిన వారసుడు లేడు.

మిగిలింది ఇద్దరు కూతుళ్లు. చిన్నకూతురు జూడిత్ 1616లో పుట్టిన తన మొదటి కొడుక్కి పుట్టింటి పేరునే సొంతపేరుగా పెట్టుకుంది... షేక్‌స్పియర్ క్వైనీ అని. ఆర్నెల్లకే ఆ బిడ్డ పోయాడు. తర్వాతి ఇద్దరు కొడుకులూ పెళ్లి కాకుండానే 1639లో చనిపోయారు. కవి తన వీలునామాలో ఆస్తిలో సింహభాగం పెద్దకూతురు సుసానాకు, ఆమె తర్వాత మగసంతానానికి చెందాలని రాశాడు. ఆమెకు పుట్టింది ఆడపిల్ల, ఎలిజబెత్. 1670లో ఆమె సంతానం లేకుండా కన్నుమూయడంతో కవి సంతతి అంతరించింది.

మరి రక్తసంబంధీకులు? ఉన్నారు. ఆయన చెల్లెలు జోన్ సంతతి తరతరాలుగా కొనసాగింది. కాకపోతే వాళ్లది ఆమె భర్త ఇంటిపేరు, హార్ట్. ఇప్పుడు షేక్‌స్పియర్ ఇంటిపేరున్నవాళ్లెవరూ కవికి నేరుగా వారసులు కారు.

ఎక్కడెక్కడ ఉన్నారు?
ఈ ఇంటిపేరు పాతకాలం నుంచీ ఎక్కువగా కనిపించేది ఇంగ్లండు నడిమి ప్రాంతంలోనే. వార్విక్‌షైర్, స్టాఫర్డ్‌షైర్, బర్మింగ్‌హామ్ చుట్టుపక్కల. బర్మింగ్‌హామ్‌లోనే పుట్టిన ఫుట్‌బాల్ ఆటగాడు క్రెయిగ్ షేక్‌స్పియర్, 2016లో లీస్టర్ సిటీ జట్టు అందరినీ ఆశ్చర్యపరుస్తూ ప్రీమియర్ లీగ్ గెలిచినప్పుడు దానికి సహాయ శిక్షకుడు. మరుసటేడు ఆ జట్టుకు మేనేజరూ అయ్యాడు. 2024లో మరణించాడు.

మన దేశంతోనూ ఈ ఇంటిపేరుకు బంధం ఉంది. చివర ఒక అక్షరం తగ్గించి రాసుకునే జాన్ షేక్‌స్పియర్ హిందుస్తానీ భాషకు 1813లో వ్యాకరణం, 1817లో నిఘంటువు వెలువరించాడు. ఈస్టిండియా కంపెనీ సైన్యాధికారి రిచ్‌మండ్ షేక్‌స్పియర్ మనదేశంలోనే పుట్టాడు. 1840లో మధ్య ఆసియాలోని ఖీవా వెళ్లి నాలుగొందల మందికి పైగా రష్యన్ బానిసలను విడిపించాడు.

ఇక తెలుగువాళ్లు ఆ ఇంటిపేరును ఏకంగా బిరుదుగా మార్చేశారు. 'సాక్షి' వ్యాసాల పానుగంటి లక్ష్మీనరసింహారావును ఆంధ్ర షేక్‌స్పియర్ అని పిలుచుకున్నారు. ఆక్స్‌ఫర్డ్‌లో ఒక పండితుడు నలుగురిలో తలెత్తుకోలేక వదిలేసుకున్న పేరు అది. నాలుగు శతాబ్దాలు తిరిగేసరికి, గోదావరి తీరాన మరో పండితుడి తలమీద కిరీటమైంది. ఇంటిపేరు నిలబెట్టడానికి కొడుకే ఉండాలా? ఆ నాటకాలను అడగాలి!