గాజు తొట్టి కూడ ఒక చెరువే

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో చెరువు లేని గ్రామము అరుదు. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు పిల్లలను ఎప్పుడు వదలవలెనో, ఎంత పెరిగిన పిదప పట్టవలెనో మన రైతులకు ఒకరు చెప్పనక్కరలేదు. అట్టి రైతు ఇంటిలోనే, పిల్లలు ముచ్చటపడి కొని తెచ్చిన రంగు చేపలు వారము తిరుగకుండ వెల్లకిల పడి తేలుచున్నవి. చెరువు దగ్గర మనకు గల తెలివి గాజు తొట్టి దగ్గర ఎందుకు పనిచేయదు? తొట్టిని మనము అలంకార వస్తువుగా చూచుచున్నాము గాని నీటి వనరుగా చూచుట లేదు. దోషమంతయు ఇచ్చటనే ఉన్నదని నా అభిప్రాయము. ఈ దోషము ఇంటితో పోదు, ఊరి చెరువు దాక పాకును. ఆ సంగతి కూడ చెప్పెదను.

దుకాణములలో అమ్మెడి గుండ్రని గాజు బుడ్డిని మాత్రము కొనవద్దు. అందులో నీరు తక్కువ, మూతి ఇరుకు, గాలి తగులదు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గల తొట్టిని పైన రెండంగుళములు వెలితి ఉంచి నింపినచో సుమారు 47 లీటర్ల నీరు పట్టును. ఇసుక, గాజు బరువు కలిసి అది యూరియా బస్తా కన్న ఎక్కువ తూగును గనుక గట్టి బల్లపై పెట్టవలెను. ఇందులో గప్పీల వంటి చిన్న చేపలు పది వరకు సుఖముగా ఉండగలవు. బంగారు చేపలైనచో రెండింటికి మించరాదు. అవి పెరిగిన కొలది ఇంకను పెద్ద తొట్టి కావలెను. అంగుళమున్న పిల్లను చూచి మోసపోవద్దు. బాగుగా చూచుకొన్న బంగారు చేప పది సంవత్సరములకు పైగా బ్రతుకును. ఎకరమునకు ఇన్ని పిల్లలని లెక్క చూచి చెరువులో వదలు మనము, తొట్టిలో మాత్రము పిల్లవాడు వేలు చూపిన చేపనెల్ల వేయుచున్నాము.

కుళాయి నీటిలోను, బావి నీటిలోను బ్లీచింగ్ పౌడరు కలుపుట మన ఆరోగ్యమునకు మంచిదే. కాని అందలి క్లోరిన్ చేప మొప్పలను కాల్చును. నీటిని వెడల్పాటి బకెట్టులో పట్టి ఒక రోజు ఆరుబయట ఉంచినచో క్లోరిన్ చాల వరకు పోవును. బోరు నీటిలో క్లోరిన్ లేకపోయినను ప్రాణవాయువు తక్కువగా ఉండును. దానిని రెండు మూడు మారులు ఎత్తు నుండి పోసి, ఒక పూట నిలువ ఉంచి వాడవలెను.

అన్నిటికన్న ముఖ్యమైన సంగతి కంటికి కనబడదు. చేప మొప్పల నుండి, మలము నుండి, మిగిలిన మేత నుండి అమ్మోనియా పుట్టును. పొలములో చల్లిన యూరియా మొదట అమ్మోనియాగా మారి, పిదప నేలలోని సూక్ష్మజీవుల వలన నైట్రైటుగా, నైట్రేటుగా మారునని మీరు విన్నదే. అటువంటి సూక్ష్మజీవులే తొట్టి ఇసుకలో, వడపోత స్పాంజిలో చేరి చేపలను బ్రతికించును. అమ్మోనియా, నైట్రైటు రెండును చేపలకు విషములు, నైట్రేటు అంత హానికరము కాదు. అయితే ఈ సూక్ష్మజీవులు కావలసినంత వృద్ధి పొందుటకు నాలుగు నుండి ఆరు వారములు పట్టును. కొత్త తొట్టి తెచ్చిన నాడే పది చేపలు వేసినచో అవి వారములో చచ్చుటకు సాధారణముగా ఇదే కారణము. దిష్టి తగిలినదనుట వట్టి మాట. మొదట ఒకటి రెండు చేపలనే వేసి, నెల గడచిన పిదప మిగిలినవి కొద్ది కొద్దిగా తేవలెను. ఆరోగ్యముగా నడచుచున్న పాత తొట్టి నుండి వాడిన స్పాంజి ముక్క తెచ్చుకొన్నచో, పాలకు తోడు వేసినట్లు పని త్వరగా జరుగును.

మన ఇల్లాండ్రకు శుభ్రతపై గల మక్కువ ఇచ్చట కీడు చేయుచున్నది. ఆదివారము నాడు నీరంతయు పారబోసి, ఇసుకను, స్పాంజిని కుళాయి క్రింద తోమి కడుగుదురు. దానితో ఆ సూక్ష్మజీవులు నశించి తొట్టి మరల మొదటికి వచ్చును. వారమునకు ఒకమారు నాలుగవ వంతు నీరు మాత్రమే తీసి, అదే వేడిమి గల నీరు పోయండి. స్పాంజిని తీసిన ఆ నీటిలోనే పిండండి. ఆ మురుగు నీటిలో నత్రజని ఉన్నది. వంగ మొక్కకో, బీర పాదుకో పోసిన వృథా కాదు.

మేత రెండు మూడు నిమిషములలో తిని ముగించునంత మాత్రమే వేయవలెను. అన్నము మెతుకులు, మరమరాలు, బిస్కట్టు ముక్కలు వద్దు. ఇంటికి వచ్చిన చుట్టమెల్ల ముచ్చటకు తలా ఒక చిటికెడు వేసి పోవుట కొన్ని ఇండ్లలో ఆచారమైనది. ఆకలితో చచ్చిన చేపల కన్న ఈ మర్యాదతో చచ్చినవే ఎక్కువ.

కొర్రమీను పైకి వచ్చి గాలి మ్రింగుట దాని స్వభావము. బంగారు చేప అట్లు నోరు తెరచి నీటి పైభాగమున వ్రేలాడుచున్నచో దానికి ఊపిరి ఆడుట లేదని అర్థము. ఏప్రిల్, మే నెలలలో ఇది తరచు కనిపించును. నీరు వేడెక్కిన కొలది అందు కరగు ప్రాణవాయువు తగ్గును, అమ్మోనియా విషము హెచ్చును. తొట్టిని కిటికీ ఎండకు దూరముగా ఉంచి, చుట్టును తడి గోనె కప్పి, మేత తగ్గించవలెను.

వ్యవసాయదారుల ఇండ్లకు ప్రత్యేకమైన అపాయము ఒకటి కలదు. సైపర్‌మెత్రిన్ వంటి మందులు అతి స్వల్పముగా నీటిలో పడినను చేపలు బ్రతుకవు. మందు కొట్టి వచ్చిన చేతులతో తొట్టిని ముట్టరాదు, స్ప్రేయరుకు వాడిన బకెట్టుతో దానికి నీరు తేరాదు. ఇంటిలో దోమల మందు చిమ్మునపుడు తొట్టిని మూసి, గాలి మోటారును ఆపి ఉంచవలెను. లేనిచో మోటారే ఆ మందును నీటిలోనికి పంపును.

తుపానులు మనకు కొత్త కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చినపుడు రోజుల తరబడి కరెంటు లేని గ్రామములు ఎన్నో మీకు తెలియును. అట్టి సమయమున మోటారు ఆగినచో మేత పూర్తిగా మానివేసి, గంటకొకమారు చెంబుతో తొట్టి నీటినే ముంచి ఎత్తు నుండి పోయుచుండవలెను. చేపలు తక్కువగా ఉన్న తొట్టి ఈ కష్టమును తట్టుకొనును, క్రిక్కిరిసిన తొట్టి తట్టుకొనదు.

వంటిపై ఉప్పు చల్లినట్లు తెల్లని చుక్కలు కనబడినచో అది తెల్లమచ్చ తెగులు. ఎక్కువగా కొత్త చేపతోనే వచ్చును. కనుక కొత్త చేపను రెండు వారములు వేరు పాత్రలో ఉంచి చూడవలెను. తెగులు సోకినచో లీటరుకు 2 గ్రాముల చొప్పున మన నౌపాడ కల్లుప్పును వేరుగా కరగించి, రెండు రోజులలో కొద్ది కొద్దిగా కలపండి. చుక్కలు పోయినవని వెంటనే ఆపరాదు, పది రోజులు ఉంచవలెను. మనుష్యుల మాత్రలను పొడిచేసి నీటిలో వేయుట మాత్రము తప్పు.

ఇక ఊరి సంగతి. విసుగు పుట్టిన చేపను, పెరిగి తొట్టిలో ఇముడని చేపను చంపుట పాపమని తలచి చెరువులో వదలుచున్నారు. అది పుణ్యము కాదు. అద్దమునకు పట్టిన నాచును తినునని రెండంగుళముల పిల్లగా అమ్మెడి సక్కర్ చేప దక్షిణ అమెరికా ఖండపు జాతి. అది అడుగున్నర వరకు పెరుగును. వంటినిండ గట్టి పలకలు, ముండ్లు ఉండుటచే వలలను చింపును. గట్టులో బొరియలు త్రవ్వి గ్రుడ్లు పెట్టును. నీరు లేకున్నను గంటల తరబడి బ్రతుకును. పత్రికలు దీనికి దెయ్యపు చేప అని పేరు పెట్టినవి. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు తూర్పు కనుమల జలాశయములలో నీటిని పరీక్షించి, దీని జాడను అనేక చోట్ల కనుగొనిరి. అలుగు పారిన నాడు చెరువులోని చేప గెడ్డలోనికి, గెడ్డ నుండి నాగావళికో చంపావతికో పోవును. చెరువును పాటకు తీసుకొన్న మత్స్యకారుని నష్టమును, కోసుకుపోయిన గట్టును బాగుచేయు ఆయకట్టుదారుల ఖర్చును ఎవరు ఇత్తురు?

పెంచలేని చేపను కొన్న దుకాణమునకే తిరిగి ఇవ్వండి, లేదా పెద్ద తొట్టి గలవారికి ఇవ్వండి. తెగులుతో చచ్చినదానిని కొబ్బరి చెట్టు మొదట లోతుగా పాతండి. గ్రామాధికారులు చెరువు పాట జరుపునపుడు ఒక షరతు చేర్చుట మంచిది. వలలో సక్కర్ చేప పడినచో దానిని మరల నీటిలో వేయక, గట్టున విడిచిపెట్టక, చంపి పాతిపెట్టి, గ్రామ సచివాలయములోని మత్స్య సహాయకునికి తెలుపవలెను.