నిషేధం సరే, అటక మీది డబ్బా సంగతేమిటి?

పెద్దతిప్పసముద్రం పల్లెల్లో మనలో చాలామంది ఇళ్లలో, అటక మీదో పశువుల పాకలోనో పాత మందు డబ్బాలు ఉంటాయి. సగం వాడినవి, చీటీ చిరిగిపోయినవి, డబ్బు పెట్టి కొన్నాం కదా అని దాచినవి. వాటిలో పాదరసం కలిసిన విత్తన మందు ఉందేమో అని ఎవరమైనా చూశామా?

మామూలు వేడిలో ద్రవంగా ఉండే లోహం పాదరసం ఒక్కటే. నీటికన్నా 13.6 రెట్లు బరువు. వేడికి సమంగా వ్యాకోచిస్తుంది గనుక థర్మామీటర్లలో పెట్టారు. బూజు తెగుళ్లను చంపుతుంది గనుక దాని సమ్మేళనాలతో విత్తన మందులు చేశారు. కానీ తెగులును చంపే ఆ విషమే మన నరాలను, మెదడును, మూత్రపిండాలను, కడుపులోని బిడ్డను దెబ్బతీస్తుంది. కాల్చినా అది పోదు, ఆవిరై మన ఊపిరిలోకే వస్తుంది. పూడ్చితే మట్టిలో ఉంటుంది. చెరువులో కలిస్తే చేపల్లోకి చేరుతుంది. జపాన్‌లోని మినమాటాలో ఫ్యాక్టరీ వదిలిన పాదరసం చేపల ద్వారా మనుషులకు ఎక్కింది, ఆ జబ్బు 1956లో బయటపడింది.

అగ్రోసాన్, సెరెసాన్ పేర్లు పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటాయి. రెండూ పాదరసం మందులే. వాటి తర్వాత కూడా మీథాక్సీ ఇథైల్ మెర్క్యురీ క్లోరైడ్ అనే మందు మిగిలింది. ఎమిసాన్ పేరుతో అమ్మింది దీన్నే. చివరికి ఉర్లగడ్డ, చెరుకు విత్తన శుద్ధికి మాత్రమే దానికి అనుమతి ఉండేది. రెండూ మన చిత్తూరు సీమ పంటలే. 2018 ఆగస్టులో కేంద్రం 18 మందులను నిషేధించినప్పుడు, వెంటనే ఆపాల్సిన 12లో దీన్ని చేర్చింది. మంచి పనే. మరి అప్పటికే రైతు కొని పెట్టుకున్న మందు ఎక్కడికి పోవాలి?

ఈ ప్రశ్న చిన్నదని అనుకునేవాళ్లు ఇరాక్‌ను గుర్తు చేసుకోవాలి. 1971లో కరువు తర్వాత అక్కడి రైతులకు పాదరసం పట్టించిన విత్తన గోధుమలు పంచారు. చాలాచోట్ల అవి అదను దాటాక చేరాయి. సంచుల మీది హెచ్చరికలు వాళ్లకు రాని భాషల్లో ఉన్నాయి. ఆకలితో ఉన్నవాళ్లు ఎర్ర రంగు కడిగేసి, పిండి ఆడించి రొట్టెలు చేసుకున్నారు. రంగు పోయింది, విషం పోలేదు. 6,530 మంది ఆసుపత్రుల పాలయ్యారు. వారిలో 459 మంది చనిపోయారు. ఆ రైతులు తెలివితక్కువవాళ్లా? విత్తనం ఇచ్చినవాళ్లు విషయం చెప్పలేదు.

మన దగ్గరా వాన మొహం చాటేస్తే మందు పట్టించిన చెనిక్కాయ విత్తనం మిగిలిపోతుంది. ఇప్పటి మందుల్లో పాదరసం లేకపోయినా అవీ విషాలే. ఆ విత్తనాన్ని గానుగకు పంపకూడదు, పశువులకు వేయకూడదు. చీటీ మీద గోరంత అక్షరాలు అచ్చేసి బాధ్యత తీరిందనుకునే కంపెనీలు ఈ మాట రైతుకు గట్టిగా చెబుతున్నాయా?

అందుకే మన డిమాండ్లు ఇవి. నిషేధించిన మందుల పాత నిల్వలను ప్రతి రైతు సేవా కేంద్రంలో ఏడాదికోసారైనా వెనక్కి తీసుకోవాలి. ఆ ఖర్చు అమ్మి లాభపడిన కంపెనీలు భరించాలి. విత్తన సంచుల మీద హెచ్చరిక పెద్ద తెలుగు అక్షరాల్లో, బొమ్మతో సహా ఉండాలి. ఏ మందు నిషేధించినా ఆ కబురు గ్రామసభలో చదివి వినిపించాలి.

అంతవరకు మన జాగ్రత్త మనది. పాత డబ్బా మీద మెర్క్యురీ అన్న మాట ఉందేమో చదువుకున్న పిల్లల చేత చూపించుకోండి. ఉంటే దాన్ని కాల్చకండి, పూడ్చకండి, బావిలో వేయకండి. మూత బిగించి, పిల్లలకు అందనిచోట తాళం వేసి, వ్యవసాయ అధికారికి రాతపూర్వకంగా తెలపండి. ఆ కాగితం నకలు సంఘానికీ ఇవ్వండి. పది ఊళ్ల నుంచి పది కాగితాలు చేరితే, అడిగేవాళ్లు లేరన్న సాకు అధికారులకు ఉండదు.